మీటరులో 24 వోల్టులు, బల్బులో మిణుకు

పుదుచ్చేరి పట్టణం అంచున మెట్టుపాళయంలో పారిశ్రామిక వాడ, దాని పక్కన ట్రక్ టెర్మినల్ ఉన్నాయి. చెన్నై నుంచి తిండివనం మీదుగా వచ్చి కడలూరు, నాగపట్నం వైపు సాగే 32వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరిని తాకుతూ పోతుంది. విజయవాడ, నెల్లూరు వైపు నుంచి వచ్చే లారీలు కూడా చెన్నై దాటాక ఇదే దారి పడతాయి. ఇలాంటి చోట్ల పనిచేసే ఆటో ఎలక్ట్రీషియన్లకు తరచూ ఎదురయ్యే పొడుపుకథ ఒకటి ఉంది.

ట్రైలర్ వెనక బ్రేకు దీపాలు సరిగ్గా వెలగడం లేదు. బల్బు తీసి చూస్తే ఫిలమెంటు బాగానే ఉంది. హోల్డరులో మీటరు పెట్టి బ్రేకు నొక్కమంటే 24 వోల్టులు నిక్కచ్చిగా చూపిస్తోంది. బల్బు మళ్లీ పెడితే మాత్రం ఎర్రగా మిణుకుమంటుంది తప్ప వెలగదు. బల్బు మంచిదే, వోల్టేజీ ఉంది, మరి వెలుగు ఏమైనట్టు?

ఇది ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలోని ఓమ్ సూత్రంతోనే విప్పగలిగిన చిక్కు. కానీ దాని పర్యవసానం రోడ్డు మీద ఉంటుంది. ట్రైలరుతో కలిపి మన దేశంలో ఒక భారీ వాహనం గరిష్ఠంగా 55 టన్నుల వరకు తూగవచ్చు. 2018లో ఇరుసు బరువుల పరిమితి పెంచినప్పుడు వచ్చిన అంకె ఇది. అంత బరువు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని గతిశక్తి 76 లక్షల జౌళ్లు దాటుతుంది. అదే 55 టన్నులను 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే దాదాపు నాలుగంతస్తుల మేడ మీద నుంచి, కిందికి వదిలితే నేలను తాకేటప్పుడు ఉండే శక్తికి ఇది సమానం. ఆ శక్తిని ఆపబోతున్నామని వెనక వచ్చే బైకు మనిషికి చెప్పేవి రెండు 21 వాట్ల బల్బులు. ఆ బండి అడ్డం తిరగకుండా ఆగాలంటే ట్రైలర్ చక్రాల దగ్గరున్న చిన్న కంప్యూటరుకు కరెంటు అందాలి. ఈ రెండూ ముందు బండికీ ట్రైలరుకూ మధ్య స్ప్రింగులా చుట్టుకుని వేలాడే కేబుళ్ల మీదే ఆధారపడి ఉన్నాయి.

గాలి పని గాలిది, కరెంటు పని కరెంటుది

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. మన రోడ్ల మీది పెద్ద ట్రైలర్ల బ్రేకులను నొక్కేది కరెంటు కాదు, గాలి. విదేశాల్లో కార్ల వెనక తగిలించే చిన్న ట్రైలర్లలో విద్యుదయస్కాంతంతో పనిచేసే బ్రేకులుంటాయి. టన్నులకు టన్నులు లాగే లారీలకు ఆ పద్ధతి చాలదు. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో రైళ్ల కోసం రూపొందించిన గాలి బ్రేకుల వారసులే ఇప్పటికీ లారీల్లో ఉన్నాయి.

ముందు బండి క్యాబిన్ వెనక చూస్తే రెండు గాలి గొట్టాలు కనిపిస్తాయి. ఎర్ర కప్లింగ్ ఉన్నది ట్రైలర్ గాలి ట్యాంకును ఎప్పుడూ నింపి ఉంచేది. పసుపు కప్లింగ్ ఉన్నది డ్రైవరు ఎంత గట్టిగా బ్రేకు నొక్కాడో ఆ మేరకు పీడనాన్ని మోసుకెళ్లేది. ఎర్ర గొట్టం తెగిపోతే బ్రేకులు పోవు, వాటంతటవే పట్టేస్తాయి. గాలి లేకపోవడమే ప్రమాద సంకేతం అయ్యేలా వాల్వును అమర్చడం ఇందులోని తెలివి. ట్రైలర్ విడిపోయినా అది దొర్లుకుంటూ పోకుండా ఆగిపోతుంది.

విద్యుత్ వైపు ఇలాంటి రక్షణ లేదు. తీగ తెగితే దీపం ఆరుతుంది, అంతే. ఆరినట్టు ముందు కూర్చున్న డ్రైవరుకు తెలియదు కూడా. 16 మీటర్ల వెనక ఏం జరుగుతోందో అద్దంలో పగలు ఎలాగూ కనపడదు. అందుకే గాలి లీకును బుస్సుమన్న చప్పుడుతో పట్టేసే డ్రైవరు కూడా కరెంటు లోపాన్ని వారాల తరబడి మోసుకు తిరుగుతాడు.

ఈ కేబుళ్లలో మూడు రకాలను గుర్తుపట్టాలి. మొదటిది 24ఎన్ అనే ఏడు పిన్నుల ప్లగ్గు. ఐఎస్ఓ 1185 ప్రమాణం ప్రకారం దీంట్లో ఉండేవి దీపాలు: తెల్ల తీగ ఎర్త్, నలుపు ఎడమ వెనక దీపం, పసుపు ఎడమ ఇండికేటర్, ఎరుపు బ్రేకు దీపాలు, ఆకుపచ్చ కుడి ఇండికేటర్, గోధుమ కుడి వెనక దీపం. రెండోది 24ఎస్, ఐఎస్ఓ 3731. రివర్సు దీపం, ఫాగ్ దీపం, అదనపు పరికరాలకు ఎప్పుడూ ఉండే 24 వోల్టుల సరఫరా దీంట్లో ఉంటాయి. ఈ రెండూ చూడటానికి ఒకేలా ఉన్నా, నడిమి పిన్ను ఒకదానిలో పొడుచుకు వచ్చి, రెండోదానిలో గుంటలా ఉంటుంది. చీకట్లో తడుముకుంటూ పెట్టినా ఒకదాని బదులు మరొకటి ఎక్కదు. మూడోది ఐఎస్ఓ 7638, బ్రేకుల కోసమే ప్రత్యేకంగా పుట్టిన కేబుల్. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

రంగుల సంగతి ప్రమాణంలో ఇలా ఉంది గానీ, రెండు మూడు చేతులు మారిన ట్రైలరులో పాత ఎలక్ట్రీషియన్ చేతికి ఏ తీగ దొరికితే అదే వేసి ఉండొచ్చు. రంగును నమ్మి కాక పిన్ను నంబరును నమ్మి పనిచేయడమే మేలు.

అన్ని దారులూ ఎర్త్ వైపే

ఇప్పుడు పొడుపుకథకు వద్దాం. 24 వోల్టుల 21 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం దాదాపు 27 ఓములు. రెండు బ్రేకు బల్బులు సమాంతరంగా ఉంటాయి కాబట్టి కలిపి 14 ఓముల లోపు. డిజిటల్ మీటరు లోపలి నిరోధమేమో కోటి ఓముల స్థాయిలో ఉంటుంది. ప్లగ్గులో ఒక పిన్ను చిలుము పట్టి 10 ఓముల నిరోధం చేరిందనుకోండి. బల్బు తీసేసి మీటరు పెట్టినప్పుడు ఆ దారిలో ప్రవహించే కరెంటు దాదాపు సున్నా. కరెంటు లేనప్పుడు 10 ఓములైనా 1,000 ఓములైనా వోల్టేజీ పడిపోదు. మీటరు అమాయకంగా 24 చూపిస్తుంది. అబద్ధం చెప్పడం లేదు, మనం అడిగిన ప్రశ్నే తప్పు.

బల్బులు పెట్టగానే దారిలో ఒక ఆంపియరు కరెంటు నడుస్తుంది. 10 ఓముల చిలుము 10 వోల్టులు మింగేస్తుంది. బల్బుకు మిగిలేది 14. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీతో పాటు నెమ్మదిగా తగ్గదు, దాదాపు మూడున్నరవ ఘాతంలో కూలిపోతుంది. 24కు బదులు 14 వోల్టులు అందితే వచ్చే వెలుగు ఆరో వంతు కూడా ఉండదు. పోయిన శక్తి ఎక్కడికో మాయం కాలేదు. ఆ చిన్న పిన్ను దగ్గర 10 వాట్ల వేడిగా మారుతోంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌కు ఉండే వేడి అది. ప్లగ్గు ప్లాస్టిక్ కరిగి పిన్ను పక్కకు వాలిపోయి ఉండటం చూసినవాళ్లకు కారణం ఇదే.

తీగ నిరోధం దీని ముందు ఎంత? ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 15 మీటర్ల పొడవుంటే 0.17 ఓములు. రెండు బ్రేకు బల్బుల కరెంటు 1.75 ఆంపియర్లకు పడిపోయేది 0.3 వోల్టు. తీగ మంచిదైతే దూరం పెద్ద సమస్య కాదు. తీగ మొదలు, తీగ చివర, మధ్యలో ఎవరో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు, ఇవే సమస్య.

వీటన్నిటిలో ఎర్త్ పిన్నుది ప్రత్యేక స్థానం. బ్రేకు దీపాల పిన్ను బ్రేకు దీపాల కరెంటునే మోస్తుంది. ఎర్త్ పిన్ను మాత్రం వెనక దీపాలు, పక్క దీపాలు, నంబరు ప్లేటు దీపం, ఇండికేటర్లు, బ్రేకు దీపాలు, అన్నిటి కరెంటునూ తిరుగు దారిలో మోయాలి. అన్నీ వెలిగితే 6 ఆంపియర్లు సులువుగా అవుతుంది. అక్కడ అర ఓము చిలుము పట్టినా 3 వోల్టులు పోతాయి, ప్రతి బల్బులోనూ మూడో వంతు వెలుగు తగ్గుతుంది. రాత్రి వెనక దీపాలు వెలుగుతుండగా బ్రేకు నొక్కినప్పుడు ఆ వెనక దీపాలే కొంచెం మసకబారితే అనుమానించాల్సింది ఎర్త్‌నే. కొత్తగా కలిసిన కరెంటు కూడా అదే ఇరుకు దారిలో దూరడానికి ప్రయత్నిస్తోందన్నమాట.

ఎర్త్ పూర్తిగా తెగిపోతే ఇంకా వింత జరుగుతుంది. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక దీపాలు మిణుకుమంటాయి, బ్రేకు నొక్కితే రెండు ఇండికేటర్లూ సన్నగా వెలుగుతాయి. దయ్యం పట్టిందనుకోనక్కరలేదు. ట్రైలరులోని బల్బులన్నీ ఒక కొసన కలిసి ఉంటాయి, ఆ కొసే ఎర్త్‌కు పోవాలి. ఆ దారి మూసుకుపోయినప్పుడు ఇండికేటర్ బల్బులోంచి వచ్చిన కరెంటు ఆ కూడలి నుంచి వెనక దీపం బల్బులోకి ఎదురు దిక్కున దూరి, దాని తీగ వెంట ముందు బండికి చేరి, అక్కడి వెనక దీపం గుండా ఛాసిస్‌ను చేరుకుంటుంది. సమాంతరంగా ఉండాల్సిన బల్బులు శ్రేణిలోకి వచ్చాయి. 24 వోల్టులు వాళ్లూ వాళ్లూ పంచుకున్నారు.

కొన్నిసార్లు ఈ లక్షణం కూడా కనపడదు. ట్రైలర్ బరువును మోసే కింగ్ పిన్, దాన్ని పట్టుకునే ఫిఫ్త్ వీల్ రెండూ ఇనుమే కదా, ఎర్త్ కరెంటు వాటి గుండా పోతుంది. కానీ వాటి మధ్య గ్రీజు ఉంటుంది. బండి గతుకు ఎక్కితే లోహం లోహాన్ని తాకుతుంది, దిగితే విడిపోతుంది. యార్డులో నిలబెట్టి చూస్తే అన్ని దీపాలూ వెలుగుతాయి, రోడ్డెక్కాక ఆరిపోతాయి. 'చూసినప్పుడు బాగానే ఉందన్నా' అని డ్రైవరు తలపట్టుకునేది ఇక్కడే. పుదుచ్చేరిలో ఆ మాట తెలుగులో అన్నా, వచ్చీరాని తమిళంలో అన్నా, ఎలక్ట్రీషియన్ అడిగేది ఒక్కటే: ఎర్త్ చూశారా? ఆ మాట రెండు భాషల్లోనూ ఒకటే.

సముద్రం చేసే పని

పుదుచ్చేరిలాంటి చోట ఈ చిలుము వేగంగా పెరగడానికి వానే రానక్కరలేదు. అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర ఆరిపోయి, ఉప్పు రేణువులుగా గాలిలో తేలి ఊళ్లోకి వస్తుంది. ఉప్పుకు ఒక గుణముంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది ఆ తేమను పీల్చుకుని తనంతట తానే ద్రవంగా మారిపోతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా తడిసిపోయేది ఇందుకే. బంగాళాఖాతం ఒడ్డున రాత్రిపూట తేమ ఆ హద్దు దాటడం మామూలే. అంటే ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి కూడా, బయట నిలిపిన ట్రైలర్ సాకెట్టులో పల్చటి ఉప్పునీటి పొర ఏర్పడుతుంది. పొద్దెక్కాక ఆరుతుంది, రాత్రికి మళ్లీ తడుస్తుంది.

ఆ పొర రాగి మీద పచ్చటి చిలుమును పుట్టిస్తుంది. ఇత్తడి పిన్ను, తగరం పూత పూసిన లగ్గు, ఇనుప బోల్టు, ఇలా వేర్వేరు లోహాలు ఒకే ఉప్పునీటి చుక్కలో కలిసినచోట చిన్న బ్యాటరీయే తయారవుతుంది. వాటిలో బలహీనమైన లోహం కరిగిపోతుంది. అయితే అంతకన్నా పెద్ద ముప్పు బయటి బ్యాటరీ నుంచే వస్తుంది. నీటిని విడగొట్టడానికి సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలు. ఇక్కడ పక్కపక్క పిన్నుల మధ్య 24 వోల్టులు ఉన్నాయి. 24ఎస్ సాకెట్టులోనూ బ్రేకుల కేబుల్‌లోనూ ఒక పిన్నుకు ఇంజను ఆపేసినా బ్యాటరీ వోల్టేజీ ఉంటుంది. ఉప్పునీటి పొరలో ఆ పిన్ను ఆనోడు, ఎర్త్ పిన్ను కేథోడు. స్కూలు ప్రయోగశాలలో రాగి పూత పూయడానికి చేసేదే ఇక్కడ మనకు తెలియకుండా రాత్రంతా జరుగుతుంది. ఆనోడు లోహం కొద్దికొద్దిగా కరిగిపోతుంది. పాత సాకెట్టులో మిగతా పిన్నులు బాగుండి ఎప్పుడూ కరెంటు ఉండే పిన్ను ఒక్కటే సన్నబడి కనిపిస్తే కారణం అదే.

తుప్పు మీద మన దేశంలో లోతుగా పనిచేసే సంస్థ పుదుచ్చేరికి దక్షిణంగా, తమిళనాడులోనే ఉంది. కారైకుడిలో 1953లో ప్రారంభమైన కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ, సీఈసీఆర్ఐ, దేశంలో ఏ ప్రాంతంలో లోహాలు ఎంత త్వరగా తినేయబడతాయో చూపే తుప్పు పటాన్ని తయారుచేసింది. రామేశ్వరం దారిలో మండపం దగ్గర సముద్రపు ఒడ్డున దానికి పరీక్షా కేంద్రం ఉంది. కంపెనీల ప్రయోగశాలల్లో కనెక్టర్లను పరీక్షించేది మరో పద్ధతిలో. 35 డిగ్రీల వేడిలో 5 శాతం ఉప్పునీటి మంచును వాటిపై గంటల తరబడి కురిపిస్తారు. వాహనాల సెల్ఫ్ మోటార్లు, ఆల్టర్నేటర్లు తయారుచేసే లూకాస్ టీవీఎస్‌కు పుదుచ్చేరిలోనే ప్లాంటు ఉంది. విద్యుత్ పరికరాన్ని ఉప్పు నుంచి కాపాడుకోవడమన్నది ఈ తీరానికి కొత్త విద్య కాదు.

2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది. ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడి వీధులు మునిగాయి. అలాంటి నీళ్లలో నిలిచిన బండి మళ్లీ నడిచినంత మాత్రాన తీగలు బాగున్నట్టు కాదు. లారీ తీగ ఒకే కడ్డీ కాదు, పదుల కొద్దీ సన్నటి రాగి పోగుల పేట. వాటి మధ్య ఖాళీల్లోకి నీరు దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టు ఎక్కుతుంది. ప్లాస్టిక్ తొడుగు లోపల కనిపించకుండా చాలా దూరం ప్రయాణిస్తుంది. కొన్నాళ్ల తర్వాత తొడుగు కోసి చూస్తే లోపల రాగి మెరుపు పోయి నల్లగా ఉంటుంది. సోల్డరు అంటుకోదు, మెలిపెడితే పోగులు విరుగుతాయి. ఎంతవరకు నల్లబడిందో అంతవరకు కోసి పారేయడం తప్ప దానికి మందు లేదు.

ఆ నీటికి దారి ఇచ్చేది చాలాసార్లు మనమే. టెస్ట్ ల్యాంప్ సూది మొనతో తీగ తొడుగును పొడిచి కరెంటు ఉందో లేదో చూడటం చాలా చోట్ల అలవాటు. పని ఒక్క నిమిషంలో అయిపోతుంది. ఆ చిల్లు మాత్రం మూసుకోదు. ఇన్సులేషన్ టేపు కూడా అంతే. ఎండకు జిగురు కరిగి, వానకు ఊడి, లోపల నీటిని నిలిపే సంచిలా తయారవుతుంది. సరైన సైజు లగ్గును క్రింపింగ్ పనిముట్టుతో గట్టిగా నొక్కి, లోపల జిగురు పూత ఉన్న, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడిగితే ఆ జాయింటు చాలా ఏళ్లు నిలుస్తుంది. ఖర్చు తేడా కొన్ని రూపాయలు.

బ్రేకు కేబుల్‌లో రెండు ఎర్త్‌లు ఎందుకు

ఇక మూడో కేబుల్. బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం తిరగడం ఆగిపోయి టైరు రోడ్డు మీద జారుతుంది. జారే టైరుకు ఒక దురదృష్టం ఉంది. అది పక్కకు పట్టు ఇవ్వలేదు. తిరుగుతున్న చక్రం పక్కకు జరగడానికి ఒప్పుకోదు, జారుతున్న చక్రానికి ముందుకూ పక్కకూ తేడా లేదు. ముందు బండి వెనక చక్రాలు ఇలా బిగుసుకుంటే ట్రైలర్ తోపుకు బండి మడత కత్తిలా మూసుకుంటుంది. ట్రైలర్ చక్రాలు బిగుసుకుంటే వెనక భాగం పక్క లేనులోకి ఊడ్చుకుంటూ వస్తుంది. తడి రోడ్డు మీద, ఖాళీ ట్రైలరుతో ఇది ఇంకా సులువుగా జరుగుతుంది.

దీన్ని ఆపేది ఏబీఎస్. భారీ వాహనాలకు దీన్ని మెర్సిడెస్ బెంజ్, వాబ్కో కలిసి 1981లో తెచ్చాయి. మన దేశంలో 2015 నుంచి కొత్త భారీ లారీలు, బస్సులకు తప్పనిసరి అయింది. దాని కన్ను చక్రం హబ్ దగ్గర ఉంటుంది. చాలా వాటిలో 100 పళ్ల ఉక్కు వలయం, దాని ఎదుట అయస్కాంతం మీద చుట్టిన తీగచుట్ట. పన్ను దగ్గరికి వచ్చి పోయినప్పుడల్లా తీగచుట్టలో అయస్కాంత ప్రవాహం మారి చిన్న ఏసీ వోల్టేజీ పుడుతుంది. 1831 నాటి ఫారడే సూత్రమే. లారీ చక్రం ఒక చుట్టుకు మూడు మీటర్లకు పైగా పోతుంది కాబట్టి గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఇంచుమించు 500 పళ్లు దాటిపోతాయి. ఆ 500 హఠాత్తుగా పడిపోతే చక్రం బిగుసుకోబోతోందని కంప్యూటరుకు అర్థమై, వాల్వు తెరిచి గాలి కొంచెం వదులుతుంది, మళ్లీ పట్టిస్తుంది.

ఐఎస్ఓ 7638 కేబుల్‌లో ఈ పనికి రెండు పాజిటివ్‌లు, రెండు ఎర్త్‌లు ఉంటాయి. వాల్వుల సోలినాయిడ్‌లకు లావు తీగల జత, కంప్యూటరుకు సన్న తీగల జత. ఒకే లావు ఎర్త్ వేస్తే రాగి ఆదా కదా? ఇక్కడే పై లెక్క మళ్లీ పనికొస్తుంది. సోలినాయిడ్ ఒక్కసారిగా చాలా ఆంపియర్లు లాగితే ఎర్త్ తీగలో ఒక వోల్టో రెండో పడుతుంది. కంప్యూటరు కూడా అదే తీగను పట్టుకుని ఉంటే దాని 'సున్నా' కూడా వోల్టు పైకి లేస్తుంది. చక్రం సెన్సరు నుంచి వచ్చే సంకేతం ఒక్కోసారి వోల్టులో కొద్ది భాగమే. కొలబద్ద మొదలే కదులుతుంటే కొలత ఎలా నిలుస్తుంది? అందుకని బరువు మోసే తీగ వేరు, సున్నాను పట్టుకునే తీగ వేరు.

అయిదో పిన్ను హెచ్చరిక దీపానిది. 6, 7 పిన్నులు ఉంటే అవి క్యాన్ అనే సమాచార తీగలు. సెకనుకు 1,25,000 బిట్ల వేగంతో ముందు బండి, ట్రైలర్ మాట్లాడుకునేవి. రెండు తీగల్లోని వోల్టేజీ తేడానే సమాచారం కాబట్టి బయటి నుంచి వచ్చే విద్యుత్ అలజడి రెంటినీ సమానంగా తాకి, తేడాలో రద్దయిపోతుంది. దీంతో లాభం కాలంలో ఉంది. గాలి పీడనం పొడవాటి గొట్టంలో పేరుకుని వెనక బ్రేకు చేరేందుకు సమయం పడుతుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 13 ట్రైలరుకు 0.4 సెకనుల వరకు గడువిస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది ఆరున్నర మీటర్ల దూరం. ఎలక్ట్రానిక్ బ్రేకులున్న బండిలో ఆదేశం తీగలో ముందే వెళ్లిపోతుంది, ట్రైలర్ ట్యాంకులో ఉన్న గాలి అక్కడికక్కడే పని మొదలుపెడుతుంది.

ఇంత చేసినా ఆ కేబుల్ తగిలించకపోతే అన్నీ వృథా. గాలి బ్రేకులు మామూలుగానే పడతాయి కాబట్టి రోజువారీ నడకలో తేడా తెలియదు. కొన్ని ట్రైలర్ ఏబీఎస్‌లు ఈ కేబుల్ లేనప్పుడు బ్రేకు దీపాల తీగ నుంచే కరెంటు తీసుకుంటాయి. అదే చిలుము పట్టిన పిన్ను గుండా! డ్యాష్‌బోర్డులో ట్రైలర్ ఏబీఎస్ దీపం ఇగ్నిషన్ వేయగానే వెలిగి, బండి కాస్త కదిలేలోపు ఆరిపోవాలి. ఆరకపోయినా, అసలు వెలగకపోయినా లోపమే. వెలుగుతూ విసిగిస్తోందని ఆ బల్బు పీకేయడం మాత్రం జ్వరం వచ్చిందని థర్మామీటరు విరగ్గొట్టడమే.

పాట కోసం పన్నెండు వోల్టులు

డ్రైవరుకు క్యాబినే ఇల్లు. ఫోను ఛార్జరు, పాటల పెట్టె, ఫ్యాను, నీలం రంగు దీపాల దండ అన్నీ కావాలి. ఇవన్నీ మార్కెట్లో ఎక్కువగా 12 వోల్టులకే దొరుకుతాయి. లారీలో ఉన్నవి 12 వోల్టుల బ్యాటరీలు రెండు, శ్రేణిలో. కాబట్టి ఒక బ్యాటరీ మీద నుంచి తీగ లాగేస్తే సరిపోతుందని అనిపిస్తుంది. పాట వినిపిస్తుంది కూడా.

కానీ ఆల్టర్నేటరుకు రెండు బ్యాటరీల మొత్తమే కనిపిస్తుంది. అది 28 వోల్టులు చూసుకుని తృప్తి పడుతుంది. పాట వాడుకున్న బ్యాటరీ 13 దగ్గర ఆగిపోతే రెండోది 15కు ఎక్కుతుంది. మొదటిది ఎప్పుడూ సగం ఆకలితో ఉండి పలకల మీద గట్టి సల్ఫేటు పేరుకుంటుంది. రెండోది అతిగా ఛార్జయి నీళ్లు ఆవిరై వేడెక్కుతుంది. కొన్ని నెలల్లో ఒకటి పోతుంది, దాన్ని మారిస్తే కొత్తది పాతదానితో జత కుదరక మళ్లీ అదే కథ. 24ను 12గా మార్చే కన్వర్టరు పెడితే రెండు బ్యాటరీల మీదా బరువు సమానంగా పడుతుంది.

ట్రైలర్ వైపు అదనపు దీపాలకు తీగ కలిపేటప్పుడు ఫ్యూజు విషయం కూడా ఉంది. ఫ్యూజు కాపాడేది పరికరాన్ని కాదు, తీగను. ఫ్యూజు పదే పదే పోతోందని పెద్దది వేస్తే, ఇకపై కాలిపోయే వంతు తీగది. రెట్టింపు కరెంటుకు తీగలో నాలుగింతల వేడి పుడుతుంది. కొత్త ఎల్‌ఈడీ దీపాలు కరెంటు తక్కువ తీసుకుంటాయి, మంచిదే. కానీ వాటిలో చాలావాటికి లోపల రెగ్యులేటరు ఉంటుంది. వోల్టేజీ తగ్గినా అదే వెలుగు ఇస్తూ పోయి, ఒక హద్దు దాటగానే టక్కున ఆరిపోతాయి. పాత బల్బు మసకబారి ముందే చెప్పేది, ఇది చెప్పదు.

అందుకే మొదటి పొడుపుకథలో మీటరును అడగాల్సిన ప్రశ్న మార్చాలి. బల్బులు తీయకూడదు. ట్రైలర్ దీపాలన్నీ వేసి, బ్రేకు నొక్కి పట్టుకోమని, కరెంటు నడుస్తుండగానే కొలవాలి. మీటరు ఒక కొనను ముందు బండి బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొనను వెనక బల్బు హోల్డరు ఎర్త్ మీద పెట్టాలి. అంత పొడుగు తీగ లేకపోతే మామూలు ఇన్సులేటెడ్ వైరు ఒకటి కలుపుకోవచ్చు, మీటరులోకి పోయే కరెంటు దాదాపు ఏమీ ఉండదు కాబట్టి ఆ వైరు సన్నదైనా ఫర్వాలేదు. మంచి ఎర్త్ అయితే ఒక వోల్టు లోపే చూపించాలి. తర్వాత పాజిటివ్ వైపు కూడా అలాగే, బ్యాటరీ పాజిటివ్ నుంచి బల్బు పాజిటివ్ వరకు చూడాలి. ఆపై ప్లగ్గుకు ఇటూ అటూ, జాయింటుకు ఇటూ అటూ కొన జరుపుతూ వస్తే వోల్టేజీ ఒక్కసారిగా పడిపోయే చోటు దొరుకుతుంది. అక్కడ మీటరు 4 వోల్టులు చూపిస్తే, అవి వెనక బల్బుకు చేరాల్సిన 4 వోల్టులు.